తన కథ తానే చెప్పుకున్న స్త్రీ

ఒకప్పుడు ఫ్రాన్సు ఏలిన దేశాల్లో, ఆ వలస పాలన ముగిసినా ఫ్రెంచి భాష నిలిచిపోయిన చోట్ల, స్త్రీలు రాసిన నవలల గురించి ఈ పూట మాట్లాడుకుందాం. పశ్చిమ ఆఫ్రికాలో సెనెగల్, ఉత్తర ఆఫ్రికాలో అల్జీరియా, కరీబియన్ సముద్రంలో గ్వాదెలూప్ దీవి, హిందూ మహాసముద్రంలో మారిషస్. ఒకదానికొకటి వేల మైళ్ళ దూరం. మతాలు వేరు, ఆచారాలు వేరు, ఇళ్ళలో మాట్లాడుకునే భాషలు వేరు. అయినా ఆ నవలల్లో స్త్రీలు వేసుకునే ప్రశ్న ఒక్కటే. ఫలానావారి కూతురిని, ఫలానావారి భార్యను, ఫలానా దేశపు పౌరురాలిని. సరే, ఇవన్నీ పక్కన పెడితే నేనెవరిని?

ఈ సంగతి మనకు మరీ పరాయిది కాదు. గోదావరి ఒడ్డున ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచివారి చేతుల్లోనే ఉంది. దానికి దగ్గర్లోని కోరంగి రేవు నుంచి పందొమ్మిదో శతాబ్దంలో మనవాళ్ళు మారిషస్ చెరకు తోటల్లో పనికి ఓడలెక్కి వెళ్ళారు. అలా వెళ్ళిన తెలుగువారి సంతతికి చెందిన ఒక రచయిత్రి ఇవాళ ఫ్రెంచి సాహిత్యంలో పెద్ద పేరు. ఆమె దగ్గరికి తప్పకుండా వద్దాం. ముందుగా సెనెగల్ వెళదాం.

సెనెగల్‌కు 1960లో స్వాతంత్ర్యం వచ్చింది. తొలి అధ్యక్షుడు లియోపోల్ సెంఘోర్ స్వయంగా మహాకవి. నల్లజాతి ఆత్మగౌరవాన్ని ఎలుగెత్తి చాటిన తరం ఆయనది. ఆ తరం కవిత్వంలో ఆఫ్రికా స్త్రీ అంటే తల్లి, నేల, సౌందర్యం. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ ఆ కవిత్వంలో ఆమెను పొగిడేవాళ్ళే తప్ప ఆమె మాట వినేవాళ్ళు లేరు. స్త్రీని ఆఫ్రికా తల్లితో కలిపేసి పాడే పాటల కాలం చెల్లిందని సూటిగా చెప్పిన రచయిత్రి మరియామా బా.

ఆమె 1929లో డకార్‌లో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి పోతే అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగారు. ఆడపిల్లకు ఆ కాస్త చదువు చాలని పెద్దలు అనుకుంటే, తండ్రి పట్టుబట్టి చదివించారు. ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి బడిపంతులమ్మ అయ్యారు. తొమ్మిది మంది పిల్లల్ని కన్నారు, భర్త నుంచి విడిపోయారు. యాభై ఏళ్ళ వయసులో, 1979లో, ఆమె మొదటి నవల వచ్చింది. దాని పేరు 'ఇంత పెద్ద ఉత్తరం'. ఆఫ్రికా సాహిత్యానికి కొత్తగా నెలకొల్పిన నోమా పురస్కారం 1980లో మొట్టమొదట ఈ చిన్న పుస్తకానికే దక్కింది. ఆ మరుసటి ఏడాదే ఆమె కన్నుమూశారు.

నవలంతా ఒక ఉత్తరం. రాసేది రమతులయ్ అనే స్కూలు టీచరు. భర్త మోదు చనిపోయాడు. ఇస్లాం ప్రకారం వితంతువు ఇల్లు కదలకుండా ఉండాల్సిన గడువు నాలుగు నెలల పది రోజులు. మన దగ్గర ఇద్దత్ అంటారే, అదే. ఆ రోజుల్లో ఆమె తన చిన్ననాటి స్నేహితురాలు ఐసతుకు ఉత్తరం మొదలుపెడుతుంది. రాసేకొద్దీ పాతికేళ్ళ కాపురం బయటికొస్తుంది.

ఇందులో ఒక ఘట్టం వినండి. ఒకరోజు ఇంటికి ముగ్గురు మగవాళ్ళు మంచి బట్టలు కట్టుకుని వస్తారు. ఒకరు మసీదు ఇమాము, ఒకరు బావగారు తంసీర్, ఒకరు భర్త స్నేహితుడైన డాక్టరు మౌదో. దేవుడి సంకల్పం గురించి, విధి గురించి డొంకతిరుగుడుగా మాట్లాడి, చివరికి అసలు సంగతి చెబుతారు. ఆమె భర్త ఆ రోజే రెండో పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికూతురు బినెతు, రమతులయ్ పెద్దకూతురితో కలిసి చదువుకునే పిల్ల. ఆ పిల్ల రమతులయ్ ఇంట్లోనే కూర్చుని పరీక్షలకు చదువుకునేది. పన్నెండు మంది పిల్లల తల్లి ఈ మాట వింటుంది. ముఖం మీద నవ్వు చెరగనివ్వదు. వచ్చినవాళ్ళకు మర్యాద చేసి, తాగడానికి ఇచ్చి పంపిస్తుంది. పరువైన ఇంటి ఇల్లాలు ఎలా ఉండాలని నేర్పారో అలాగే ఉంటుంది.

కొన్నేళ్ళకు భర్త పోతాడు. నలభయ్యో రోజు కర్మ అయ్యాక మళ్ళీ ఆ ముగ్గురే వస్తారు. ఈసారి బావగారు నేరుగానే చెప్పేస్తాడు. గడువు తీరగానే ఆమెను పెళ్ళి చేసుకుంటానంటాడు. అడగడు, తెలియజేస్తాడు. అప్పుడు రమతులయ్ నోరు విప్పుతుంది. ముప్పై ఏళ్ళ మౌనం ఒక్కసారిగా బద్దలవుతుంది. అతనికి ఇప్పటికే ఉన్న భార్యలు రెక్కలు ముక్కలు చేసుకుని అతన్ని ఎలా పోషిస్తున్నారో అందరి ముందూ కడిగేస్తుంది. చేతులు మారే వస్తువును కానని తేల్చి చెబుతుంది. అవే ముఖాలు, అదే గది. మొదటిసారి నవ్విన మనిషి రెండోసారి మాట్లాడింది. ఆమె అస్తిత్వం పొందిన మార్పు మొత్తం ఈ రెండు ఘట్టాల మధ్య ఉంది.

ఇంకో చిన్న విషయం. భర్త ఇంటికి రావడం మానేశాక ఆమె ఒంటరిగా సినిమాకు వెళ్ళడం అలవాటు చేసుకుంటుంది. టికెట్టు కొని, జనం వింతగా చూస్తున్నా లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. నవలలో దీనికి ఎక్కువ చోటు లేదు. కానీ ఒక స్త్రీ తనకోసం తాను బయటికి అడుగుపెట్టడానికి ఎంత గుండె కావాలో ఆ కొద్ది వాక్యాల్లో తెలుస్తుంది.

ఉత్తరం అందుకునే ఐసతు దారి వేరు. ఆమె కంసాలి కులంలో పుట్టింది. భర్త డాక్టరు మౌదోది రాజవంశం. ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. అత్తగారు మాత్రం కులం తక్కువ కోడలిని క్షమించలేదు. తన మేనకోడలిని తెచ్చి పెంచి, చదివించి, కొడుక్కి రెండో భార్యగా కట్టబెట్టింది. ఐసతు రాజీపడలేదు. ఒక ఉత్తరం రాసిపెట్టి, నలుగురు కొడుకులను వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది. దుబాసీ చదువు చదివి, అమెరికాలో తన దేశపు దౌత్య కార్యాలయంలో ఉద్యోగం చేసింది. ఒకరు ఉండిపోయారు, ఒకరు వెళ్ళిపోయారు. మరియామా బా ఏ ఒక్కరినీ తప్పుపట్టరు. రమతులయ్ తన మతాన్ని వదలదు, కుటుంబం మీద నమ్మకాన్నీ వదలదు. తన బతుకు గురించి తీర్పు చెప్పే హక్కును మాత్రం ఇక ఎవరికీ ఇవ్వదు.

ఇప్పుడు అల్జీరియా. అక్కడ 1830లో ఫ్రెంచి సైన్యం దిగింది. దాదాపు ఎనిమిదేళ్ళ యుద్ధం తర్వాత 1962లో స్వాతంత్ర్యం వచ్చింది. ఆసియా జెబార్ 1936లో, సముద్రతీరాన ఉన్న షెర్షెల్ ఊళ్ళో పుట్టారు. ఆమె తండ్రి ఫ్రెంచి బడిలో ఉపాధ్యాయుడు. 1957లో తొలి నవల అచ్చయ్యేటప్పుడు, ఇంట్లోవాళ్ళకు తెలియకూడదని ఆసియా జెబార్ అన్న కలంపేరు పెట్టుకున్నారు. ఫ్రెంచి అకాడమీ 2005లో ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. ఉత్తర ఆఫ్రికా నుంచి ఆ గౌరవం పొందిన తొలి రచయిత ఆమే.

1985లో వచ్చిన ఆమె గొప్ప నవల, 'ప్రేమ, ఫాంటాజియా', ఒక చిన్నపిల్ల బడికి వెళ్ళడంతో మొదలవుతుంది. శరత్కాలపు ఉదయం. తండ్రి చేయి పట్టుకుని నడుస్తోంది. ఊరివాళ్ళు ఆ తండ్రిని చూసి జాలిపడుతున్నారు. ఆడపిల్లకు రాయడం నేర్పితే రేపు ఉత్తరాలు రాస్తుందన్నది వాళ్ళ భయం. ఆ పిల్ల నిజంగానే రాసింది. ఉత్తరాలూ రాసింది, నవలలూ రాసింది.

అందులోనే మనకు బాగా తెలిసినట్టు అనిపించే ఒక ఘట్టం ఉంది. ఆ అమ్మాయి తల్లి అందరు ఆడవాళ్ళలాగే భర్త పేరు పలకదు. 'ఆయన' అంటుంది, అంతే. తండ్రి ఒకసారి ప్రయాణంలో ఉండి ఇంటికి కార్డు పంపుతాడు. కార్డు మీద నేరుగా భార్య పేరే రాస్తాడు. చుట్టుపక్కల ఆడవాళ్ళు నిర్ఘాంతపోతారు. పోస్టుమనిషి, ఊళ్ళో మగవాళ్ళు చూసేలా ఇంటావిడ పేరు రాస్తాడా అని! మగపిల్లాడి పేరున రాయడం అక్కడి ఆచారం. తల్లి సిగ్గుపడుతుంది, లోలోపల గర్వపడుతుంది. మెల్లగా ఫ్రెంచిలో నాలుగు మాటలు నేర్చుకున్నాక, ఆ భాషలో భర్తను పేరుపెట్టి ప్రస్తావిస్తుంది. ఒక కార్డు మీద ఒక పేరు. ఆ తల్లి బతుకులో అది పెద్ద విప్లవం. భార్యకు పేరుందని భర్త నలుగురి ముందూ ఒప్పుకున్నాడు, భర్తకు పేరుందని భార్య నోరారా అంది.

అయితే జెబార్‌కు ఫ్రెంచి భాష తేలికైన వరం కాలేదు. ఆమెకు చదువు చెప్పిన భాష, తన ఊళ్ళను తగలబెట్టిన సైన్యం భాష కూడా. నవలలో ఒక అధ్యాయం తన బాల్యం, ఒక అధ్యాయం ఆక్రమణ చరిత్ర. 1845లో దహ్రా కొండగుహల్లో తలదాచుకున్న ఒక తెగను, ఆడవాళ్ళు, పిల్లలు, పశువులతో సహా, గుహ ముఖం దగ్గర మంటలు పెట్టి పొగతో చంపేశారు. ఆ సంగతి ఫ్రెంచి అధికారుల కాగితాల్లోనే ఉంది. జెబార్ ఆ కాగితాలు వెతికి పట్టుకుని, గుహలో చనిపోయినవాళ్ళ వైపు నుంచి మళ్ళీ చదివారు.

చరిత్రలో పేరు లేకుండా పోయిన స్త్రీలను ఆమె మరో దారిలోనూ వెతికారు. పదేళ్ళకు పైగా నవల ఏదీ ప్రచురించలేదు. ఆ కాలంలోనే తల్లివైపు వారి ఊళ్ళకు, షెనువా కొండ ప్రాంతానికి, కెమెరాతో వెళ్ళారు. స్వాతంత్ర్య యుద్ధంలో పోరాటవీరులకు అన్నం పెట్టి, దాచిపెట్టి, కొడుకులను పోగొట్టుకుని, జైళ్ళకు వెళ్ళిన మామూలు పల్లె ఆడవాళ్ళతో మాట్లాడించారు. అలా తీసిన సినిమాకు 1979లో వెనిస్ చిత్రోత్సవంలో విమర్శకుల బహుమతి వచ్చింది. ఆ గొంతులే తర్వాత నవలలోకి వచ్చాయి. ఆమె 'నేను' అని రాసినప్పుడు ఆ మాట వెనక అంతమంది స్త్రీలు నిలబడి ఉంటారు.

ఆ నవల చివర్లో, ఫ్రెంచి చిత్రకారుడు ఫ్రొమాంతాఁ ప్రయాణ కథనం నుంచి తీసుకున్న ఒక సంగతి ఉంది. యుద్ధం జరిగిన ఎడారి పట్టణంలో అతనికి దుమ్ములో తెగిపడిన ఒక స్త్రీ చేయి కనబడుతుంది. తీసి చూసి పారేస్తాడు. ఆ చేతిని తాను అందుకుని దానికి కలం పట్టించాలని చూశానంటారు జెబార్. ఆమె సాహిత్యం మొత్తం చేసిన పని అదే.

కరీబియన్ వైపు ఒకసారి చూద్దాం. గ్వాదెలూప్ దీవి 1946 నుంచి ఫ్రాన్సులో ఒక జిల్లాగా కొనసాగుతోంది. అక్కడ పుట్టిన మరీస్ కొండే 2024లో, తొంభయ్యో ఏట కన్నుమూశారు. 1976లో వచ్చిన ఆమె మొదటి నవలలో వెరోనికా అనే యువతి పూర్వీకుల మూలాలు వెతుక్కుంటూ ఆఫ్రికా వెళుతుంది. రాచవంశం వాడైన ఒక మంత్రిలో తన గతం కనబడుతుందని ఆశపడుతుంది. చుట్టూ అరెస్టులు జరుగుతుంటాయి, మనుషులు మాయమవుతుంటారు. ఆమె కళ్ళు తెరుచుకునేసరికి ఆలస్యమవుతుంది. తాతముత్తాతల నేల మీద కాలు పెడితే చాలు, నేనెవరో తెలిసిపోతుందన్న నమ్మకాన్ని ఈ నవల ఏ మొహమాటమూ లేకుండా పక్కకు నెట్టేసింది.

పదేళ్ళ తర్వాత, 1986లో, కొండే 'నేను, టిటుబా' అన్న నవల రాశారు. 1692లో అమెరికాలోని సేలం ఊళ్ళో మంత్రగత్తెలన్న నెపంతో కొందరిని విచారించి ఉరితీశారు. ఆ కేసులో టిటుబా అనే బానిస స్త్రీ కూడా ముద్దాయి. కోర్టు కాగితాల్లో ఆమె వాంగ్మూలం ఉంది గానీ, ఆమె ఎలా బతికింది, ఆ తర్వాత ఏమైంది అన్నది ఎవరూ పట్టించుకోలేదు. కొండే ఆమెకు ఒక బాల్యాన్ని, ప్రేమను, కోపాన్ని, చావును కల్పించి, ఆ కథంతా ఆమె నోటనే చెప్పించారు.

ఇక మన కోరంగి ఓడల దగ్గరికి వద్దాం. మారిషస్‌ను 1810లో ఫ్రెంచివారి నుంచి ఇంగ్లీషువారు గెలుచుకున్నారు. పాలన మారినా ఫ్రెంచి భాష పోలేదు. బానిసత్వం రద్దవుతున్న కాలంలో, 1834 నుంచి భారతదేశపు కూలీలను ఒప్పందాల మీద చెరకు తోటలకు తెచ్చారు. అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇవాళ్టికీ అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది. రామభజనలు జరుగుతాయి, సింహాద్రి అప్పన్నను కొలుస్తారు.

ఆ తెలుగు మూలాల్లోంచి వచ్చిన రచయిత్రి ఆనందా దేవి. 1957లో త్రువా బుతీక్ అనే పల్లెలో పుట్టారు. పదిహేనో ఏట ఫ్రెంచి రేడియో నిర్వహించిన కథల పోటీలో బహుమతి గెలుచుకున్నారు. లండన్‌లో మానవశాస్త్రం చదివారు. మారిషస్ తెలుగువారి అస్తిత్వమే ఆమె పరిశోధన విషయం. ఆ పరిశోధన 1990లో మారిషస్‌లోని మహాత్మా గాంధీ సంస్థ ద్వారా పుస్తకంగా వెలువడింది. 2024 సంవత్సరానికి అమెరికాలోని ప్రసిద్ధ న్యూస్టాడ్ పురస్కారం ఆమెకు లభించింది.

సముద్రం దాటిన జాతి తన ఆచారాలను ప్రాణప్రదంగా కాపాడుకుంటుంది. అది మెచ్చుకోవాల్సిన సంగతే. కానీ ఆ కాపాడే భారం ఎవరి భుజాల మీద పడుతుంది? ఆనందా దేవి నవలల్లో చాలా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. 1993లో వచ్చిన 'ద్రౌపది మేలిముసుగు'లో అంజలి కొడుక్కి జబ్బు చేస్తుంది. నిప్పుల మీద నడిచి మొక్కు తీర్చుకుంటే బిడ్డ బతుకుతాడని భర్త, అతని వాళ్ళు పట్టుబడతారు. నడవనంటే కన్నతల్లి ప్రేమనే శంకిస్తారు. భక్తి ఆమెకు లేకపోయినా, పరీక్ష మాత్రం ఆమెకే.

2001 నాటి 'పగ్లీ' నవలలో నాయిక అసలు పేరు దయ. పదమూడేళ్ళప్పుడు తనపై అత్యాచారం చేసిన బంధువుకే ఇచ్చి పెళ్ళి చేస్తారు. ఆమె అతన్ని దగ్గరికి రానివ్వదు. ఒక క్రియోల్ జాలరిని ప్రేమిస్తుంది. వంశ శుద్ధిని కాపాడే కావలివాళ్ళలా కొందరు ఆడవాళ్ళే ఆమె మీద నిఘా పెడతారు. పిచ్చిదని పేరుపెట్టి కోళ్ళగూడులో బంధిస్తారు. అక్కడినుంచే ఆమె తన కథ చెబుతుంది. తోటి ఆడవాళ్ళే కావలివాళ్ళు కావడం ఈ నవలలో అన్నిటికన్నా బాధపెట్టే విషయం. రచయిత్రి దాన్ని దాచలేదు.

2006లో వచ్చిన 'శిథిలాల్లోంచి ఈవ్'కు ఫ్రెంచి మాట్లాడే దేశాలన్నిటికీ కలిపి ఇచ్చే ఐదు ఖండాల పురస్కారం లభించింది. కథ జరిగేది రాజధాని పోర్ట్ లూయీ అంచున, త్రుమారోన్ అనే పేద కాలనీలో. ఆడవాళ్ళకు పని ఇచ్చిన బట్టల ఫ్యాక్టరీ మూతపడింది. పర్యాటకులు చూసే మారిషస్ ఇక్కడ కనబడదు. ఈవ్ పదిహేడేళ్ళ పిల్ల. చిన్నప్పుడు ఒక పెన్సిలు కోసం, ఒక రబ్బరు కోసం తన దేహాన్ని తాకనివ్వడంతో మొదలైన బేరం, పెరిగేకొద్దీ ఆమెనే మింగేస్తూ వస్తుంది. ఆమెకు కాస్త ఆప్యాయత దొరికేది స్నేహితురాలు సావిత దగ్గరే. ఆ సావిత హత్యకు గురవుతుంది. నలుగురు పిల్లలు వంతులవారీగా, ఎవరి కథ వాళ్ళే చెప్పుకుంటూ పోతారు. ఊరంతా ఈవ్ గురించి ఒకే మాట అంటుంది. ఆమె గొంతు విన్నాక ఆ మాట అనడానికి మనకు నోరు రాదు.

శ్రోతలారా, ఇన్ని కథలు విన్నాక ఒక విషయం గమనించండి. రమతులయ్, జెబార్ నవలలోని చిన్నపిల్ల, టిటుబా, దయ, ఈవ్, అందరూ తమ కథ తామే చెబుతున్నారు. అంతకుముందు వీళ్ళ గురించి ఇతరులు మాట్లాడారు. కవులు పొగిడారు, అధికారులు నివేదికలు రాశారు, న్యాయమూర్తులు తీర్పులిచ్చారు, ఊరివాళ్ళు పేర్లు పెట్టారు. దేశాలకు స్వాతంత్ర్యం వచ్చి జెండాలు మారినా ఇంటిలోపల ఆ పద్ధతి మారలేదు. ఈ రచయిత్రులు రెండు వైపులా పోరాడాల్సి వచ్చింది. బయటి దొరతనాన్ని నిలదీస్తే దేశభక్తి అన్నారు, ఇంట్లో పెత్తనాన్ని నిలదీస్తే సంస్కృతిని కించపరచడం అన్నారు. వీళ్ళు ఆ రెండింటినీ ఒకే పుస్తకంలో నిలదీశారు. ఇది చిన్న సాహసం కాదు.

అస్తిత్వం అనేది ఎక్కడో పూర్వీకుల ఊళ్ళో పాతిపెట్టి ఉండి మనకోసం ఎదురుచూడదని కూడా ఈ నవలలు చెబుతాయి. వంశం ఇచ్చేది కొంత, దేశం ఇచ్చేది కొంత. మిగతాది ఆమె నిర్ణయాల్లో, ఆమె చెప్పిన మాటలో తయారవుతుంది. బావగారికి రమతులయ్ ఇచ్చిన జవాబు ఆమె అస్తిత్వం. దయ భర్తను దగ్గరికి రానివ్వకపోవడం ఆమె అస్తిత్వం. అందుకే ఈ నవలల్లో చాలావాటికి సుఖాంతం లేకపోయినా, చదివినవాళ్ళకు నిరాశ కలగదు.

చివరగా ఒక విన్నపం. ఈ పుస్తకాల్లో చాలావరకు ఇంగ్లీషు అనువాదాల్లో దొరుకుతున్నాయి. గ్రంథాలయాల్లో అడగండి, తెప్పించుకుని చదవండి. మొదట 'ఇంత పెద్ద ఉత్తరం' చదవండి, రెండు పూటల్లో పూర్తవుతుంది. హైదరాబాదులో విశ్వవిద్యాలయాల్లో ఫ్రెంచి చదువుకుంటున్న పిల్లలున్నారు, యానాంలో ఫ్రెంచి చదువుల జ్ఞాపకం ఉన్న కుటుంబాలున్నాయి. ఆ భాష వచ్చినవాళ్ళు ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా మూలం నుంచి ఈ నవలలను తెలుగులోకి తేవాలి. ప్రచురణకర్తలు వాళ్ళకు అండగా నిలవాలి. ముఖ్యంగా ఆనందా దేవి నవలలు తెలుగువాళ్ళు తెలుగులో చదువుకోవాల్సినవి. కోరంగి నుంచి వెళ్ళినవాళ్ళ మనవరాళ్ళు ఏమంటున్నారో వినడం మన బాధ్యత.